ఒక చేతికి రెండు మొక్కులు

పోయిన వారం మనం సుకన్యను గ్రౌండు పక్కన బోరింగు దగ్గర వదిలిపెట్టి వచ్చాం. బోరింగు పిడిని కుడిచేత్తో కిందికి నొక్కబోయి, నొక్కలేక, ఎవరైనా చూశారేమోనని గబుక్కున వెనక్కి తిరిగింది కదా. చూసింది సబియా ఒక్కతే. సుకన్య బంతి వేస్తే వికెట్ల వెనక కీపరులాగా కూర్చుని పట్టేది ఆ పిల్లే. "ఎవలకు చెప్పద్దు, నీకు దండం పెడత" అని సుకన్య బతిమాలితే సబియా ఒట్టు వేసింది గానీ, మొహం మాడ్చుకునే వేసింది.

అదే రోజు అదే గ్రౌండులో సుకన్య బాపు ఎల్లస్వామి, మిగతా పిల్లల అమ్మానాన్నలందరూ వింటుండగా గొంతెత్తి మొక్కుకున్నాడు. "నా బిడ్డ ఉమ్మడి జిల్లా టీంలకు వస్తే సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం!" మేడారంలో బంగారమంటే బెల్లమే. పిల్ల ఎన్ని కిలోలుంటే అన్ని కిలోలు.

ఇవాళ రెండో శనివారం, బడికి సెలవు. సెలక్షన్ రేపు పొద్దున తొమ్మిదికి.

"అరవై నాలుగు!" అని అరిచాడు ఎల్లస్వామి, వల వెనక నిలబడి బంతులు లెక్కపెడుతూ.

హసన్‌పర్తి బడి గ్రౌండులో నాలుగు ఇసుక సంచులు నాలుగు మూలలా పెట్టి, మధ్యన ముగ్గుపిండితో గీత గీస్తే అదే బేస్‌బాల్ ఆట. రెండేళ్ల కింద ఆటల టీచరు ప్రేమలత మేడం ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేదాకా ఆ ఆట పేరు కూడా ఊళ్లో ఎవరూ వినలేదు. ఇప్పుడు ఎల్లస్వామికి మేడం కంటే ఎక్కువ తెలుసు, కనీసం ఆయన అలా అనుకుంటాడు. ట్రాలీ ఆటోలో సిమెంటు బస్తాలు దించి వచ్చి, మిగిలిన టైమంతా ఫోనులో వీడియోలు చూసేవాడు. ఇంటి వెనక గోడకు సైకిల్ టైరు వేలాడదీసి, తెల్లవారకముందే లేపి, దాని నడుమ నుంచి బంతి పోయేలా వేయించేవాడు. మణికట్టు తిప్పి వేస్తే బంతి గాలిలో వంగుతుందని కనిపెట్టిన రోజు ఆయనకు అన్నం సహించలేదు. ఊరంతా ఆయన్ని బేస్‌బాల్ ఎల్లన్న అంటారు. వెక్కిరింపో మెప్పో ఆయన పట్టించుకోడు.

"అరవై ఐదు! మోచెయ్యి జారుతాంది, పైకి లేపు!"

సుకన్య పైకి లేపింది. మోచేతి లోపలి వైపు, ఎముక పక్కన, ఎవరో దబ్బనం పెట్టి తిప్పినట్టు అయింది. పళ్లు బిగపట్టి వేసింది. బంతి వెళ్లి సబియా గ్లవ్‌లో పడ్డ చప్పుడు మాత్రం బాగానే వచ్చింది.

పక్కన మడతకుర్చీలో రాజేశ్వర్ రావు కూర్చుని ఉన్నాడు. ఆయన కూతురు మధు కూడా బంతి వేసే పిల్లే. జట్టులో ఉండేది ఒక్క చోటే, దానికి వీళ్లిద్దరూ పోటీ. పావుగంటకోసారి ఆయన పిలిచేవాడు, మధు పరుగెత్తుకొచ్చి నోరు తెరిచేది, నానబెట్టి తొక్క తీసిన బాదంపలుకు ఒకటి ఆ నోట్లో పడేది.

"ఎల్లస్వామీ, మేడం యాభై చాలన్నది గదా. ఆమె అటు మీటింగుకు పోంగనే నువ్వు ఇటు మొదలువెట్టినవ్."

"నీ బిడ్డకు యాభై చాలు సారూ. నా బిడ్డ లెక్క వేరే."

"చెయ్యి అరుగుతదయ్యా."

"అరిగితె కొత్తది ఏపిస్త. నువ్వు నీ బాదంపలుకులు చూస్కో, ఒకటి తక్కువైనట్టున్నది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మధు నవ్వలేదు. సుకన్యకూ నవ్వు రాలేదు. ఆ కొత్త చెయ్యి ఎక్కడ దొరుకుతుందో అని మాత్రం ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది.

సబియా లేచి, బంతి చేతికిచ్చే నెపంతో దగ్గరికి వచ్చింది. "సుక్కీ, జర ఆపవే. బంతి ముందుగాల్నే కిందికి పడిపోతాంది. నాకు తెలుస్తలేదా?"

"మా బాపు చూస్తాండు."

"మీ బాపు చూస్తాండని నొప్పి ఊకుంటదా?"

"రేపొక్క రోజే గదనే."

"రేపొక్క రోజని నెల రోజుల సంది అంటానవ్, పాగల్," అని సబియా విసురుగా వెళ్లి మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది.

సబియాకు కూడా చెప్పని సంగతి ఒకటుంది. బాపు భయంతోనే సుకన్య ఆడుతోందనుకుంటే పొరపాటు. క్లాసులో హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనే మాట కూడా పక్క బెంచీ దాకా వినిపించని పిల్ల అది. చుట్టం వస్తే తలుపు చాటుకు పోయే పిల్ల. ఆ ముగ్గు గీత మీద నిలబడి బంతి పట్టుకుంటే మాత్రం, తాను వేసేదాకా అవతల తొమ్మిది మంది, ఇవతల తొమ్మిది మంది, అంపైరు, ఎవరూ కదలరు. అందరూ తన చేతి కోసం ఆగుతారు. నోరు విప్పకుండానే పెద్దగా మాట్లాడినట్టు ఉండేది. ఆ చోటు పోతే తాను మళ్లీ తలుపు చాటుకే పోవాలి. అందుకే దాచింది. నెల కింద అమ్మతో దవాఖానకు పోయి వచ్చాక, అమ్మ ఇచ్చిన గోలీలు మింగుతూ నెట్టుకొచ్చింది. ఆ గోలీలు నాలుగు రోజుల కిందటే అయిపోయాయి.

"తొంభై! చాలు, ట్రాలీ ఎక్కు," అన్నాడు ఎల్లస్వామి.

"ఇంటికేనా బాపూ?"

"వరంగల్‌కు. బీట్ బజారుకు. నిన్ను తూకమెయ్యాలె."

నయీంనగర్ దాటారు. ట్రాలీ గుంతల్లో ఎగిరినప్పుడల్లా సుకన్య కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో అదిమి పట్టుకుంది. కాళ్లు మాత్రం ఊరికే ఉండలేక ఊగుతున్నాయి.

"బాపూ, ఇంక సెలక్షన్ కాలేదు గదా."

"అయినట్టే. జాతర ఇంక పన్నెండు రోజులే ఉన్నది. రేపటి సంది లోకమంత గీ బజార్లనే పడ్తది. మంచి బెల్లం దొరకది. మనం ముందుగాల్నే తీసి పెట్టుకుంటె పాయె."

"బాపమ్మ ఊకుంటదా? మొక్కు తీరకముందే తూకమెయ్యద్దంటది గదా."

"మీ బాపమ్మకు బేస్‌బాల్ తెలుసా?" అన్నాడు ఎల్లస్వామి. ఇంట్లో ఎవరు అడ్డు చెప్పినా ఆయన వేసే ప్రశ్న అదే.

మొగిలి సేటు బెల్లం దుకాణం ముందు సందు పట్టనంత జనం. దిమ్మలు దిమ్మలుగా బెల్లం, దాని మీద ముసురుకున్న ఈగలు, కందిరీగలు. బస్తాలు తూచే పెద్ద తక్కెడ మీద మనుషులు ఎక్కి దిగుతున్నారు. ఒక భారీ మనిషి ఎక్కగానే ముల్లు గిర్రున తిరిగింది. కింద నిలబడ్డ అతని భార్య నెత్తి కొట్టుకుంది. "మొక్కుకునేటప్పుడు జర నన్ను అడగద్దా? నా పేరు మీద మొక్కితె సగంల పోతుండె!" జనం గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వుతూనే దిగాడు.

సుకన్యను బూట్లు విప్పించి ఎక్కించాడు ఎల్లస్వామి. తల్లికి బూట్ల బరువెందుకని. అంతమంది నడుమ, మట్టి కొట్టుకుపోయిన ప్రాక్టీసు బట్టల్లో, ఒట్టి కాళ్లతో ఆ ఇనుప పలక మీద నిలబడేసరికి సుకన్యకు ప్రాణం చచ్చిపోయింది.

"నలభై ఆరు," అన్నాడు మొగిలి.

"గింతేనా? సరింగ చూడు సేటూ."

"నేను చూసేదేమున్నదే, ముల్లు చూస్తది. ఆధార్ జిరాక్స్ ఇయ్యి."

ఇది కొత్తేం కాదు. బెల్లం గుడుంబా సారా బట్టీలకు పోతుందని సర్కారు వారి అనుమానం. అందుకే జాతర రోజుల్లో ఎవరు కొన్నా ఆధార్ జిరాక్స్ ఇచ్చి, దాని వెనక ఎవరి మొక్కో, ఏం మొక్కో రాసిపోవాలి. మొగిలి ఆ కాగితాలను ఇనుప తీగకు పూలదండలా గుచ్చి పెడతాడు. ఎల్లస్వామి ఇచ్చిన సుకన్య ఆధార్ కాగితం కూడా గుచ్చబోయి, ఫోటో వైపు చూసి, పిల్ల వైపు చూసి ఆగిపోయాడు.

"సుకన్య... హసన్‌పర్తి... ఆగరాదే, గీ పిల్ల తూకం మంగళారమే పక్కకు పెట్టిన గదా!" తీగ మీది కాగితాలు వెనక్కి నెట్టి ఒకటి పట్టుకున్నాడు. "ఇగో. గిదే ఫోటో. నలభై ఆరు కిలోలు. చెల్లె వచ్చి చెప్పిపోయింది."

"ఏ చెల్లె?"

"మీ ఇంటామె గావచ్చు. బడిల వంట చేస్త అన్నది. పిల్ల బరువు బడి కార్డుల చూసి రాసుకొచ్చింది."

ఎల్లస్వామి మొహం పున్నమి చంద్రుడైంది. చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగాడు. "చూసిండ్రా? నోట్లె నాలిక లేనట్టుంటది మా వినోద. నాతోని ఒక్కమాట చెప్పకుంట, నాకంటె ముందే వచ్చి తల్లికి మొక్కిపోయింది! బిడ్డా, చూసినవా మీ అమ్మను?"

సుకన్యకు కూడా కళ్లు చెమర్చాయి. గ్రౌండు వైపు ఒక్కనాడు కూడా తొంగిచూడని అమ్మ, తన కోసం ఇంత దూరం వచ్చిందా అనుకుంది.

మొగిలి మాత్రం నవ్వలేదు. కాగితం వెనక్కి తిప్పి, చదవాలా వద్దా అన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"ఎల్లన్నా, నేను రెండుసార్లు అడిగిన. అయితెనా అమ్మా, కాకుంటెనా అని. కాకుంటెనే అన్నది."

"ఏంది కాకుంటె?"

"ఇగో, ఆమె చేతిరాతనే. 'నా బిడ్డ సెలక్షన్ కాకపోతే నిలువెత్తు బంగారం. అయితే వద్దు.'"

ఎవరో వెనక నుంచి, "ఇగ తల్లి ఎవలి దిక్కు చూడాలెనో" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఎల్లస్వామి కూతురి బూట్లు తానే చేత్తో పట్టుకుని ట్రాలీ వైపు నడిచాడు. సుకన్య ఒట్టి కాళ్లతో వెనకే పరుగెత్తింది.

ఇల్లు చేరేసరికి బాపమ్మ, అంటే ఎల్లస్వామి తల్లి సమ్మమ్మ, వసారాలో చాప మీద కూర్చుని, తల్లికి పోసే ఒడిబియ్యానికి పసుపు కలుపుతోంది. వినోద పొయ్యి దగ్గర పల్లీలు వేయిస్తోంది. ఎల్లస్వామి చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చాడు.

"మంగళారం నాడు బీట్ బజారుకు పోయినవా?"

వినోద చేతిలో గంటె ఆగింది. అబద్ధం ఆడుతుందేమో అని సుకన్య అనుకుంది. ఆడుతుందనే ఆశపడింది.

"పోయిన," అంది వినోద.

"బిడ్డ ఓడిపోవాలని మొక్కినవా? కన్నతల్లివేనా నువ్వు?"

"ఓడిపోవాలని మొక్కలే. ఇంట్ల ఉండాలని మొక్కిన."

"రెండు ఒకటే గదనే!"

"నీకు ఒకటే. నాకు గాదు."

"సందుల నా పరువు తీసినవ్. మొగిలి సేటు చదువుతాంటె బజారంత నవ్వింది. నేనేమన్న నా కోసం చేస్తాన్నా? స్టేట్ ఆడితె సర్టిఫికెట్ ఉంటది. సర్టిఫికెట్ ఉంటె కోటాల సీటు వస్తది. దీని చెయ్యి తప్ప మనింట్ల ఇంకేమున్నదే అమ్ముకునేటందుకు?"

ఆ మాట నోట్లోంచి జారాక ఆయనే ఉలిక్కిపడ్డట్టు చూశాడు.

బాపమ్మ పసుపు చేతులు దులుపుకుంది. "ముందుగాల నాకొకటి చెప్పుండ్రి. మొక్కు తీరకముందే పిల్లను తక్కెడెక్కిచ్చినవారా ఎల్లయ్యా?"

"అదేదో ఎక్కిచ్చిన, ఇప్పుడది కాదు గదనే అవ్వా..."

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. సరే. నువ్వేమో గెలిపియ్యి తల్లీ, నలభై ఆరు కిలోలిస్త అంటివి. ఈమేమో గెలిపియ్యకు తల్లీ, నలభై ఆరు కిలోలిస్త అనె. తూకం గూడ సరిసమానమాయె. తల్లి గద్దె మీద కూసోని ఏం జెయ్యాలె, పంచాయితి చెప్పాల్నా మీకు?"

మామూలు రోజైతే ఆ మాటకు అందరూ నవ్వేవాళ్లే. వినోద గంటె కింద పెట్టి లేచింది. దేవుని గూడు దగ్గరికి వెళ్లి, సమ్మక్క సారలమ్మల పటం వెనక చెయ్యి పెట్టి, ఒక పెద్ద గోధుమరంగు కవరు బయటికి లాగింది. రోజూ పొద్దున ఎల్లస్వామి ఊదుబత్తి వెలిగించి, కూతురు గెలవాలని దండం పెట్టేది ఆ పటానికే.

"దేనికోసం మొక్కిన్నో దీంట్ల ఉన్నది. తీసి చూడు."

ఎల్లస్వామి చెయ్యి చాపలేదు. ఆ కవరు వైపు సరిగా చూడను కూడా లేదు. "ఏం చూసేది? దవాఖానోల్లు గట్లనే అంటరు. మూడు నెల్లు బంతి ముట్టద్దంటరు. వాల్లు చెప్పినట్టు ఇంటె ఎవ్వలు ఆటలే ఆడరు."

సుకన్యకు ఆ సమయంలో బాపు మాట సగమే చెవిన పడింది. ఆమె చూపంతా కవరు మీదే ఉంది. దాని మీద తన పేరుంది. వయసు పదిహేను అని ఉంది. నెల కిందటి తేదీ ఉంది.

"అమ్మా, గిది నాదేనా?"

వినోద కవరు మీది పేరును బొటనవేలితో మూసింది.

"ఏం లేదన్నరని చెప్పినవ్ గదా. గోలీలు మింగితె పోతదన్నరని చెప్పినవ్ గదనే."

ఆ రోజు సుకన్యకు బాగా గుర్తుంది. దవాఖానలో డాక్టరు ఫిల్మును వెలుగుకు పట్టుకుని చూసి, "పాపా, నువ్వు బయట కూర్చో" అన్నాడు. బయట బెంచీ మీద కూర్చుని, గోడ మీది బొమ్మలో ఎముకలు లెక్కపెట్టుకుంది. అమ్మ కాసేపటికి వచ్చి కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఏం లేదు బిడ్డా, నరం పట్టేసిందట" అంది. దారిలో మిరపకాయ బజ్జీలు కూడా కొనిచ్చింది. బజ్జీలు కొనిచ్చినప్పుడే అనుమానం రావాల్సింది.

"పెరిగే ఎముకనట," అంది వినోద, ఎవరి వైపూ చూడకుండా. "మోచేతి కాడ ఇంక అతుకు పడలేదట. వంకర బంతి ఏసీ ఏసీ ఆడ పగులు పట్టిందట. ఇప్పుడన్న మూడు నెల్లు ఆపితె అతుక్కుంటదట. ఆపకుంటె చెయ్యి సాపుగ రాదట, ఎన్నటికి. పెండ్లయినంక గూడ, పిల్లలు పుట్టినంక గూడ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె ఆపుదువా?"

సుకన్య కుడిచేతిని వెనక్కి పెట్టుకుంది.

"ఆపవు. మీ బాపుకు తెల్వకుంట దాస్తవ్, గోలీలు రెండేసి మింగుతవ్. నాకు తెల్వదా నీ సంగతి? ఇగ మీ బాపుకు చెప్దామంటె, ఈ రెండేండ్లల్ల నా మాట ఒక్కటన్న ఇన్నడా? నా మాట ఇనేది తల్లి ఒక్కతే అని, పొయ్యి ఆ తల్లికే చెప్పుకున్న. దాని పేరు ఆ లిస్టుల రాకుంట చెయ్యమని. నేను వద్దంటె పాపం నాకు తగులుతది. తల్లి వద్దంటె ఎవలేమంటరు?"

బాపమ్మ తల అడ్డంగా ఊపింది. "మంచి ఉపాయమే కోడలా. నోరున్న మనిషివి, పటానికి అప్పజెప్పినవ్."

ఎల్లస్వామి అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. నాలుగడుగుల ఇల్లు అది. గోడ, గుమ్మం, మళ్లీ గోడ. "సరే, అయింది గదా. రేపొక్కనాడే. ముప్పై బంతులు. వంకరది ఏపియ్య. తిన్నటివే. సెలక్షన్ అయినంక మూడు నెల్లు గాదు, ఆరు నెల్లు కూసోనియ్యి. ఒక్క ముప్పై బంతులు, బిడ్డా..."

"ముప్పై గాదు, మూడు గూడ ఎయ్యనియ్య!" అని వినోద అడ్డం వచ్చింది.

"నువ్వు ఊకో! నీ మాటే చెల్లాల్నా?"

"నీది చెల్లింది గదా రెండేండ్లు! దాని చెయ్యి చూడు!"

ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇద్దరూ ఆ చెయ్యి గురించే మాట్లాడుతున్నారు. ఒకరు ఆ చేతిని గ్రౌండుకు లాగుతున్నారు, ఒకరు ఇంట్లోకి లాగుతున్నారు. ఆ చేతికి ఒక మనిషి అతుక్కుని ఉందని, ఆ మనిషి ఇక్కడే తలుపు పక్కన నిలబడి ఉందని ఇద్దరిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. సుకన్య అలవాటు చొప్పున తలుపు చాటుకు పోబోయింది. రెండడుగులు వేసింది కూడా.

"నువ్వేమంటవ్ బిడ్డా?" అంది బాపమ్మ.

అరుపులు ఆగాయి.

ఏమనాలి? వేయాలని ఉంది. ఒట్టేసి చెప్పాలంటే ఆ నిమిషంలో కూడా వేళ్ల కొసల్లో బంతి కుట్లు తెలుస్తున్నాయి. రేపు ఆ ముగ్గు గీత మీద మధు నిలబడుతుందంటే ఒప్పబుద్ధి కావడం లేదు. కానీ ఎన్నటికీ సాపుగా రాదట. ఎన్నటికీ అనే మాటకు అంచు కనిపించలేదు. మూడు నెలలకు కనిపించింది.

సుకన్య గూట్లో ఉన్న బాపు ఫోను తీసుకుంది. ఎడమచేత్తోనే ప్రేమలత మేడం నంబరు నొక్కింది. ఆ ఫోనుకు స్పీకరు పెడితే తప్ప వినిపించదు. ట్రాలీలోంచి రెండుసార్లు కింద పడ్డ ఫోను అది.

"ఎవలకు చేస్తానవే?" అన్నాడు ఎల్లస్వామి.

"హలో, ఎల్లస్వామీ, చెప్పు," అంది మేడం గొంతు ఇల్లంతా వినబడేలా.

"మేడం, నేను సుకన్యను."

"సుకన్యవా? ఫోన్ల నీ గొంతు ఇదే మొదటిసారి వినుడు! ఏందిరా, రేపటికి రెడీయేనా?"

"మేడం..." అమ్మ వైపు చూడలేదు, బాపు వైపు చూడలేదు. బాపమ్మ పసుపు చేతుల వైపు చూస్తూ మాట్లాడింది. "మేడం, నా చెయ్యి బాలేదు. నెల రోజుల సంది బాలేదు. ఎక్స్‌రేల పగులు ఉన్నదట. ఇప్పుడు మూడు నెల్లు ఆపకుంటె ఎన్నటికి మంచిగ కాదట. రేపు నేను బంతి ఎయ్య. నాకు ఎయ్యాలనే ఉన్నది మేడం. కని ఎయ్య. మీతోని దాచిన. తప్పయింది."

ఇంత పొడుగు మాట సుకన్య పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ మాట్లాడలేదు. వినోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వచ్చింది.

"సుకన్యా, నువ్వు తప్పేం చెయ్యలే. చెప్పినవ్, మంచిగ చేసినవ్. మూడు నెల్ల తర్వాత నీ చోటు సంగతి నేను చూసుకుంట. కని నాకొకటి సమజ్ అయితలేదు." మేడం గొంతు మారింది. "నిన్న సాయంత్రం మీ బాపు నాకు నీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చిచ్చిండు. ఇగో, నా చేతులనే ఉన్నది. 'కుడి మోచేయి ఎక్స్‌రే పరిశీలించాను, ఎలాంటి లోపం లేదు' అని రాసి, కింద ఎవరో డాక్టర్ సంతకం ఉన్నది. మీ ఇంట్లున్నది పగులు చూపించే ఎక్స్‌రే అయితె, ఈ డాక్టర్ చూసింది ఏ ఎక్స్‌రే?"

పొయ్యి మీద పల్లీలు మాడుతున్న వాసన వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది సుకన్యకు, ఇందాక సగమే చెవిన పడ్డ మాట. అప్పటికి కవరు ఇంకా విప్పలేదు. డాక్టరు ఏమన్నాడో అమ్మ ఇంకా చెప్పలేదు. మూడు నెలలు బంతి ముట్టద్దంటారని బాపుకు ముందే ఎలా తెలిసింది?

రోజూ ఊదుబత్తి పెట్టే చెయ్యి పటం వెనక్కి పోవడానికి ఎంతసేపు పడుతుంది?

"సుకన్యా, ఫోన్ మీ బాపుకియ్యి," అంది మేడం.

సుకన్య ఫోను కుడిచేతిలోకి మార్చుకుంది. కావాలనే మార్చుకుంది. బాపు వైపు చాపింది. చెయ్యి సగం దాకా వచ్చి, మోచేతి దగ్గర వంగి, అక్కడే ఆగిపోయింది. ఎంత చాపినా అంతకు మించి రాలేదు. ఫోనుకూ ఎల్లస్వామికీ నడుమ జానెడు దూరం మిగిలింది. ఆ జానెడూ ఇక ఆయనే ముందుకు రావాలి.

ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"ఎల్లస్వామీ," అంది ఫోను, "ఉన్నవా? ఇంటానవా?"